‘అబైడింగ్’ అను మాటకు తెలుగు నెలవు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



సాహిత్య విషయ మేదైనను ఒకటి తీసికొని మాటాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. కావ్యములను గూర్చి చెప్పదగినవారు ఈ సభలోనే కూర్చుండియున్నారు. వారి యెదుట నే నా సాహసము చేయను. ఇంగ్లీషు, హిందీ, తెలుగు కాగితముల నడుమ కాలము గడపువాడను గనుక ఒక్క మాటను గూర్చి, అందునను పరభాషలోని ఒక విశేషణమును గూర్చి, నాకు తోచినది మనవి చేసికొందును. ఆ మాట ‘అబైడింగ్’. ఒక్క విశేషణమునకు ఇంత సభ యెందుకని కొందరు అనుకొనవచ్చును. కాని మన సంఘమున జరుగు ప్రతి వీడ్కోలు సభకును ఈ మాటను తెలుగు చేయవలసి వచ్చుచున్నది. ప్రతి పర్యాయమును అది మన చేతికి చిక్కకుండ జారిపోవుచున్నది.

మొదట దాని పుట్టువు చూతము. ప్రాచీనమైన ఇంగ్లీషులో ‘బైడ్’ అను ధాతువునకు వేచియుండుట, ఆగియుండుట అని అర్థము. దానికి ఉపసర్గ చేరి ‘అబైడ్’ అయినది. ఒకరి కొరకు ఆగుట, వారి చెంత నిలుచుట, తుదకు ఒకచోట కాపురముండుట అను అర్థములు దానికి కలిగినవి. ‘అబోడ్’ అనగా నివాసమని మనము బడిలో చదువుకొన్న మాట దీని బిడ్డయే. కనుక అబైడింగ్ అను విశేషణమునందు కాలముకంటె ముందు కాపురమున్నది. ఎన్నాళ్ళు ఉండునన్నది దానికి రెండవ ప్రశ్న. ఎచట ఉండునన్నది మొదటి ప్రశ్న. మనస్సును ఇల్లు చేసికొని అందు కాపురమున్న భావమునకే ఆ పేరు తగియున్నది.

ఇక వాడుక. ఈ మాట వస్తువులకు చెల్లదు. చెప్పుల జత పదేండ్లు మన్నినను, వంతెన నూరేండ్లు నిలిచినను ఇంగ్లీషువారు వానిని అబైడింగ్ అనరు. ప్రేమ, విశ్వాసము, అభిమానము, అభిరుచి, జ్ఞాపకము, చింత, ఇట్టివానికే దీనిని చేర్తురు. చేర్చునప్పుడు నామమునకు ముందే చేర్తురు. ‘ఆయనకు సంగీతమునందు అబైడింగ్ ఇంటరెస్టు కలదు’ అని వ్రాయుట పరిపాటి. ‘సంగీతమునం దాయన ఇంటరెస్టు అబైడింగ్’ అని వాక్యము తుదను నిలుపుట అరుదు. గడువు చెప్పి వాడుటయు పొసగదు. పదేండ్ల అబైడింగ్ ప్రేమ యనగా వినువాడు నవ్వును. ఒక కార్యాలయపు నోటులో ‘మీ అబైడింగ్ అటెన్షన్’ కోరబడుట నేను చూచితిని. ఫైలు ఆ బల్లమీదనే కాపురముండవలెనని వ్రాసినవారి కోరిక కాబోలు! అది నెరవేరియే యుండును.

భావములలో కూడ అన్నిటికి ఇది ఒప్పదు. కోపమునకు చేర్చినచో ఎబ్బెట్టుగా నుండును. కోపము మండును, చల్లారును. దానికి కాపురము లేదు. ద్వేషమునకు చేర్చవచ్చును, పగకు చేర్చవచ్చును. ఆశ్చర్యమునకు చేర్చుట కష్టము. ఆనందమునకు చేర్చినచో అది పండుగనాటి సంతోషము కాక, లోపల నెమ్మదిగా వెలుగుచుండు దీపమువంటి దగును. ఇంగ్లీషు బాగుగా తెలిసినవారికి ఈ భేదములు చెవికే తెలియును. మనము నేర్చుకొనినవారము గనుక ఆలోచించి తెలిసికొనవలెను.

దీని సహవాసులు అనేకులున్నారు. ‘లాస్టింగ్’ అనునది నిలుకడను మాత్రమే చెప్పును. సంధిపత్రములందు శాంతికిని, వ్యాసములందు ప్రభావమునకును దానిని వాడుదురు. ‘ఎండ్యూరింగ్’ అనుదానిలో ఓర్పున్నది. గాలికిని వానకును తట్టుకొని నిలిచినదని అర్థము. ‘లింగరింగ్’ అనునది పోవలసినదై యుండియు పోక గుమ్మము పట్టుకొని నిలిచిన చుట్టమువంటిది. అందుచేతనే అది సందేహమునకును, దీర్ఘవ్యాధికిని అమరినది. ‘పర్పెచ్యువల్’ అనుదానిలో కొంత విసుగు ధ్వనించును. ‘ఎటర్నల్’ అనునది దేవునికి చెందినది, మనుష్యులు అప్పు తెచ్చుకొందురు. ఇక ‘పర్మనెంట్’ అనునది మన సొత్తు. కేంద్ర ప్రభుత్వమున పనిచేయువారికి ఆ మాట యొక్క బరువు వేరుగ చెప్పనక్కరలేదు. 1949 నాటి తాత్కాలిక సేవా నియమములలో ‘క్వాసీ పర్మనెంట్’ అను హోదా ఒకటి కల్పింపబడెను. నేడది లేదు. తాత్కాలికమును కాక, శాశ్వతమును కాక నడుమ వ్రేలాడు ఆ స్థితిని మనస్సునకు అన్వయించి చూడుడు. క్వాసీ పర్మనెంట్ ప్రేమ యనునది లోకమున లేకపోలేదు గాని దానికెవ్వరును అభినందన పత్రము వ్రాయరు.

అబైడ్ అను క్రియకు మరి రెండు దారులు కలవు. ‘అబైడ్ బై’ యనగా నియమమునకు లోబడియుండుట. నియామకపు కాగితము మొదలు క్వార్టరు తాళము పుచ్చుకొను కాగితము వరకు మనము సంతకము పెట్టిన ప్రతి హామీలోను ఈ మాట యున్నది. దీనికి తెలుగున ‘కట్టుబడియుండుట’ అను చక్కని మాట సిద్ధముగ నున్నది. ఇంగ్లీషువాడు నియమము ప్రక్కను నిలుచును, తెలుగువాడు నియమమునకు కట్టుబడును. రెండవ దారి ‘కెనాట్ అబైడ్’ అనునది, సహింపజాలమని అర్థము. ‘నాకు గిట్టదు’ అనునది దానికి సరియైన తెలుగు. ఈ రెండింటికి తెలుగు సులభముగ దొరకగా, మనకు కావలసిన ఆ మొదటి అర్థమే, అనగా మనస్సున కాపురమున్నదను అర్థమే, చిక్కులు పెట్టుచున్నది.

ఢిల్లీలో కొలువు చేసినవారు ఈ మాటను మరియొక విధముగ నెరుగుదురు. జనవరి 29వ తేదీ సాయంకాలమున విజయ్ చౌక్‌లో జరుగు బీటింగ్ రిట్రీట్ ఉత్సవమున ‘అబైడ్ విత్ మీ’ అను కీర్తన అనేక వత్సరములు వాయింపబడెను. 2022లో దానిని కార్యక్రమమునుండి తొలగించిరి. ఆ కీర్తనను హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ అను ఆంగ్లికన్ మతగురువు 1847లో, తన జీవితపు చివరి సంవత్సరమున రచించెను. మహాత్మాగాంధీకి అది ప్రియమైనది. అందు అబైడ్ అనగా ‘నాయొద్ద ఉండుము, వెళ్ళిపోకుము’ అను ప్రార్థన. ప్రొద్దుగ్రుంకువేళ అతిథిని గుమ్మములో ఆపి, ఈ రాత్రికి ఇచట నుండుమని కోరునట్టిది. తెలుగు బైబిలు అనువాదకులు అబైడ్ అను మాటకు కొన్ని చోటుల ‘నిలుచు’ అను ధాతువును ఆశ్రయించిరి. అది మంచి ఎన్నిక. నిలుచు అనునది మన భాషాకుటుంబమంతటికిని ఉమ్మడి ఆస్తి. తమిళ కన్నడములలోనే కాక, ఈ బస్తరున మన చుట్టుప్రక్కల మాటాడు గోండీలో కూడ నిలుచుటకు దీని చుట్టమే యున్నది.

ఇపుడు హిందీ సంగతి. మనలో చాలమంది ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ్ పరీక్షలు కూర్చుండి, ఉత్తీర్ణులై, వేతనవృద్ధియు అనుభవించినవారము. హిందీలో స్థాయీ యనగా పర్మనెంటు, అస్థాయీ యనగా టెంపరరీ. స్థాయీ పతా యనగా శాశ్వత చిరునామా. తెలుగుదేశమునుండి క్రొత్తగా వచ్చినవానికి ఇది తికమక కలిగించును. ఏలయన మనకు స్థాయి యనగా నేడు అంతస్తు, ఎత్తు. ఉన్నత స్థాయి సమావేశము, జిల్లా స్థాయి పోటీలు. ఒకే సంస్కృత పదము, అచట నిలుకడ, ఇచట ఎత్తు. సంగీతమున మంద్ర స్థాయి, తార స్థాయి యని వాడుటచేత మనకు ఆ ఎత్తు అను అర్థము అలవడి యుండునని తోచును. చిరస్థాయి అను సమాసములో మాత్రము పాత అర్థము ప్రాణముతో మిగిలియున్నది.

ఇచట ఒక విచిత్రమున్నది. మనస్సున స్థిరముగ నుండు భావమునకు మిక్కిలి నిర్దిష్టమైన పరిభాష మన పూర్వులకు కలదు. భరతుని నాట్యశాస్త్రమున రతి, హాసము, శోకము, క్రోధము, ఉత్సాహము, భయము, జుగుప్స, విస్మయము అని ఎనిమిది స్థాయీభావములు చెప్పబడినవి. వచ్చి పోవు భావములకు వ్యభిచారిభావములని పేరు. అవి ముప్పది మూడు. నిర్వేదము, శంక, చింత, గర్వము మున్నగునవి అలలవలె లేచి పడుచుండగా, వాని క్రింద స్థాయి కదలక యుండును. క్రోధమును సైతము స్థాయిగా లెక్కించిరి గనుక ఇది ఇంగ్లీషువాని లెక్కతో పూర్తిగ కలియదు. అది రంగస్థలము, నాటకము ముగియువరకు నిలుచుట అచటి నిలుకడ. అయినను స్థాయి అనునది మన అబైడింగునకు దగ్గర చుట్టమే. ఆ సొమ్మును మనము చేజేతుల అంతస్తులు కొలుచుటకు ఇచ్చివేసితిమి. ఇపుడు ‘స్థాయి ప్రేమ’ యని వ్రాసినచో, ఏ స్థాయి యని చదువరి యడుగును.

అందుచేత మన వీడ్కోలు పత్రములలో ‘శాశ్వతమైన ఆప్యాయత’ యని వ్రాయుట మొదలుపెట్టితిమి. ముప్పది రెండేండ్లు ఈ కొండలలో పనిచేసి విరమించిన ఒక పెద్దలు ఆ పత్రము చదువగా విని, సమాధానము చెప్పుచు, ‘నాయనలారా! శాశ్వతము అను మాటను నేను ఉద్యోగకాలమంతయు ఒక్కచోటనే వ్రాసితిని. శాశ్వత చిరునామా అను గడిలో. అచట వ్రాసిన ఊరిలో ఇపుడు నాకు ఇల్లు లేదు’ అనిరి. సభ నవ్వినది. ఆయన నవ్వలేదు. సెలవు ప్రయాణపు రాయితీకై స్వస్థలమును ప్రకటించుచు సంవత్సరములు గడపిన మనకు అందలి బాధ తెలియనిది కాదు.

శాశ్వతము మీద నాకు ద్వేషము లేదు. కాని అది కాలమును కొలుచు మాట. మన పూర్వులు దానిని భూములకును, చెరువులకును, దేవాలయములకును వాడిరి. శాసనములలో ‘ఆచంద్రార్కము’ అనెడివారు, సూర్యచంద్రులున్నంతవరకు అని. మాన్యము కాజేయువానిని భయపెట్టుటకు అది తగిన మాట. ఒక మనుష్యుడు మరియొకని మీద పెట్టుకొన్న ప్రీతికి సూర్యచంద్రుల సాక్ష్యము ఎందులకు? అది దస్తావేజు భాష.

అట్లయిన తెలుగువాడు ఏమనును? అనువాదము కొరకు వెదకుట మాని, ఇండ్లలో వినుడు. ఆరని చిచ్చు. మానని గాయము. తీరని ఋణము. మాయని మచ్చ. చెరగని ముద్ర. తరగని ప్రేమ. సడలని నమ్మకము. వీడని స్నేహము. మరపురాని మేలు. ఎడతెగని విచారము. ఒక్కొక్క భావమునకు ఒక్కొక్క మాట, అన్నియు వ్యతిరేక క్రియాజన్య విశేషణములు. ఇంగ్లీషువాడు ఉన్నదానిని చూచి ‘ఉన్నది’ అనును. తెలుగువాడు అది ఎట్లు పోవలసియుండెనో ముందు తలచుకొని, ‘అట్లు పోలేదు’ అనును. నిప్పు ఆరవలెను, ఇది ఆరలేదు. గాయము మానవలెను, ఇది మానలేదు. ధాన్యము తరుగును, ఇది తరగలేదు. అనగా ప్రతి భావమును మనము ఒక వస్తువుగ చూచి, ఆ వస్తువునకు రావలసిన చేటు రాలేదని సంతోషించుటయో దుఃఖించుటయో చేయుచున్నాము. అందుచేతనే మాటలు ఒకదానిచోట ఒకటి కూర్చుండవు. ఆరని ప్రేమ యనము, తీరని స్నేహమనము, మానని నమ్మకమనము. ఇంగ్లీషువాడు అన్ని తాళములకును ఒక్క చెవిని వాడుచుండగా, తెలుగు ఇల్లాలి కొంగున గుత్తి వ్రేలాడుచున్నది.

ఇంగ్లీషులో వ్యతిరేకపు మాటలు లేవని నా భావము కాదు. ‘అన్‌డయింగ్’, ‘అన్‌ఫేడింగ్’ మున్నగునవి వారికిని గలవు. హిందీలో అటూట్, అమిట్ అనునవి సరిగా మన తెగవే. కాని తెలుగున ఈ పద్ధతి అలంకారము కాదు, నిత్యవ్యవహారము. చదువురాని ముసలమ్మ కూడ ‘తీరని బాధ’ యని తడుముకొనక అనును.

మరియొక సంగతి. తెలుగున నిలుకడ తరచుగా విశేషణమునందు కాక నామమునందే దాగియుండును. అలుక పూటలో పోవును. కోపము దినములో పోవును. కినుక కొన్నాళ్ళుండును. పగ తరములుండును. పగకు మరల ‘అబైడింగ్’ అని తగిలించుట వృథా. దుఃఖము విషయమునను ఇంతే. ఏడుపు వేరు, విచారము వేరు, బెంగ వేరు. బెంగ యనగానే అది లోపల కూర్చున్నదని తెలియును. తెలంగాణమువారు రంది యందురు, మనాది యందురు. మనాది పట్టిన మనిషి అన్నము సహించక చిక్కిపోవును. అది ఒక్కనాటి సంగతి కాదని ఎవ్వరును వేరుగ చెప్పనక్కరలేదు. శ్రీకాకుళపు సోదరీమణులు కాపురమునకు ఈ కొండలకు వచ్చిన క్రొత్తలో ఊరిమీద బెంగ పెట్టుకొనెడివారని వింటిని. 1958లో ఏర్పడిన దండకారణ్య ప్రాజెక్టు తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులను ఈ బస్తరులోనే పరల్‌కోట్ మున్నగు ప్రాంతములందు నివసింపజేసెను. భూమి యిచ్చిరి, ఇల్లు ఇచ్చిరి. ప్రాజెక్టు కాగితములలో ఆ పనికి ‘రిసెటిల్‌మెంట్’ అని పేరు. వారి మనస్సున పద్మానది కాపురముండుటను ఏ ప్రాజెక్టును ఖాళీ చేయింపజాలదు గదా.

ఈ గడ్డమీద భావము నిలుచుటకును, భాష నిలుచుటకును గల పొత్తును చూపు రెండు రాళ్ళున్నవి. మన సంఘము వారికి వానిని గూర్చి చెప్పక విడువజాలను.

మొదటిది బార్సూరున దొరికిన తెలుగు శాసనము, క్రీ.శ. 1060 నాటిది. అప్పుడు చక్రకోటమును ఛిందక నాగవంశీయుడైన ధారావర్షుడు, జగదేకభూషణ బిరుదాంకితుడు, ఏలుచుండెను. అతని సామంతుడైన తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు బార్సూరున శివాలయము కట్టించి చెరువు త్రవ్వించెను. ఇంద్రావతికి సమీపమున, ఈ అడవుల నడుమ, తొమ్మిది వందల అరువదేండ్లకు పూర్వము ఒక రాచబిడ్డ తన పుణ్యమును తెలుగున చెక్కించెననగా ఆ తెలుగు చదువగలవారు చుట్టును ఉండియుందురని ఊహింపవచ్చును.

రెండవది దంతెవాడలో దంతేశ్వరీ ఆలయమునందలిది, 1703 నాటిది. రాజు దిక్పాలదేవుడు దేవీదర్శనమునకు వచ్చిన సందర్భమున వేయించినది. అందు తమ వంశము కాకతీయులదనియు, ఓరుగల్లునుండి వచ్చినదనియు, ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమరాజు ఈ రాజ్యమునకు వచ్చెననియు చెప్పబడినది. ఓరుగల్లు పడిపోయినది 1323లో. అనగా 380 ఏండ్ల తరువాత ఆ వంశీయులు ఓరుగల్లును మరువక రాతిపై చెక్కించిరి. ఏ భాషలో? ఒకటి సంస్కృతమున. కలియుగమున సంస్కృతము చదువువారు తక్కువగుదురు గనుక అందరికి తెలియుటకై రెండవ రాతిమీద దేశభాషలో చెక్కించిరి. ఆ దేశభాష తెలుగు కాదు, హిందీ తీరుది. ఓరుగల్లు జ్ఞాపకమున్నది, ఓరుగల్లు మాట లేదు.

బార్సూరు రాతిమీద మాట మిగిలినది. దంతెవాడ రాతిమీద మమకారము మిగిలినది. ఈ రెండింటిని ఒకచోట చేర్చి చూచినప్పుడెల్ల నాకు మన ఇండ్లలోని పిల్లలు తలపునకు వచ్చుచుందురు. కొత్తవలసనుండి కిరందూల్ వరకు రైలు పడి, బైలదిలా ఇనుపరాయి విశాఖపట్టణము రేవునకు సాగుట 1960లలో మొదలైనది. అప్పటినుండి వచ్చిన తెలుగు కుటుంబములలో ఇపుడు మూడవ తరము పెరుగుచున్నది. వారు బడిలో వ్రాయు ఇంగ్లీషు వ్యాసమున మాతృభాషపై తమకు ‘అబైడింగ్ లవ్’ కలదని చక్కగ వ్రాయుదురు. వారి మాట అబద్ధమని నేననను. ఆ వాక్యమును తెలుగున చెప్పుమనినచో మౌనము వహింతురు. భాష పోయినను అభిమానము నిలుచునని కొందరు మిత్రులు వాదింతురు. దంతెవాడ శాసనము వారికి మంచి సాక్షి. నిలుచును, నిజమే. కాని అట్లు నిలిచిన అభిమానము వంశవృక్షములోని పేరువలె నుండును. దానితో నవ్వలేము, పోట్లాడలేము, బిడ్డను జోకొట్టలేము. దంతెవాడ శిలను ముట్టి చూచువారికి అన్నమరాజు పేరు తెలియును. ఆయన అలిగినప్పుడు ఏమనెడివాడో తెలియదు.

ఇచటి ఆదివాసుల సంగతి కూడ ఒక్క మాట చెప్పవలెను. బస్తరు సంస్థానము 1948 జనవరి 1న విలీనమైనది. దాని చివరి పాలకుడు ప్రవీరచంద్ర భంజదేవుడు 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదమున పోలీసు కాల్పులలో మరణించెను. ఆయన పటము నేటికిని కొన్ని ఇండ్లలో పూజింపబడుచున్నది. రాజ్యము పోయి, రాజు పోయి, చట్టములు మారిన పిదప మిగిలిన ఈ భక్తిని పర్మనెంట్ అనలేము, ఎటర్నల్ అనుట అతిశయోక్తి. అబైడింగ్ అనునది దీనికి సరిపోవును. మాడియాలు చనిపోయినవారికై రాళ్ళు పాతుదురు, కొయ్య కంబములు చెక్కి నిలుపుదురు. దారి ప్రక్కను వానిని చూచిన మీకు జ్ఞాపకమును నిలుపుట యనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక నేను వెదకి తెచ్చిన తెలుగు మాటను మీ ముందుంచెదను. ‘నెలవు’ అనగా నివాసస్థానము. ‘నెలకొను’ అనగా నెలవు చేసికొనుట, ఒకచోట స్థిరపడుట. అబోడ్, అబైడ్ అనువానికి ఏ పొత్తు కలదో నెలవు, నెలకొను అనువానికిని అట్టి పొత్తే చెవికి తోచుచున్నది. దేవుడు కొండమీద నెలకొనును. ప్రీతి హృదయమున నెలకొనును. ‘మా మనస్సుల నెలకొన్న అభిమానము’ అనగా గడువు లేదు, దస్తావేజు లేదు, అతిశయోక్తియు లేదు. కాపురమున్నదను అర్థము మాత్రము నిండుగ నున్నది.

దీనికి ఒక ఆటంకము కలదు. వార్తాపత్రికలవారు ఈ మాటను చాలకాలముగా పాడుచేయుచున్నారు. ఏ వీధిలో రెండు వర్గములు కేకలు వేసికొన్నను అచట ‘ఉద్రిక్తత నెలకొన్నది’. ఎన్నికల ఫలితము ఆలస్యమైనచో ‘ఉత్కంఠ నెలకొన్నది’. మరునాటికి రెండును లేచిపోవును. ఒక్క రాత్రి సత్రములో పండుకొన్నవానిని కాపురస్థుడనుట వంటిది ఇది. అయినను మాట ఇంకను బ్రదికియున్నది. మంచిచోట వాడినచో దాని వన్నె తిరిగి వచ్చునని నా నమ్మకము.

అన్నిచోటులను దీనినే వాడుడని నేను చెప్పను. గుత్తిలోని చెవులు గుత్తిలో ఉండనిండు. మేలు పొందినవానికి వ్రాయునపుడు ‘మరపురాని’ యనుడు. నష్టమును గూర్చి వ్రాయునపుడు ‘తీరని’ యనుడు. నమ్మకమును గూర్చి ‘సడలని’ యనుడు. ఇవి ఏవియు సరిపడక, ఇంగ్లీషు ప్రతిలో అబైడింగ్ అనునది మొండిగ కూర్చున్నచోట ‘నెలకొన్న’ అనుడు. అభిరుచికి మాత్రము ‘నెలకొన్న’ యనుట నాకును కొంచెము బరువుగా తోచును; అచట ‘చిరకాలపు అభిరుచి’ యనుట మేలు.

మార్చి నెలాఖరున మన సభ్యులలో ఇద్దరు ఉద్యోగ విరమణ చేయుచున్నారు. వారి పత్రములను ఈసారి మొదట తెలుగున వ్రాసి, పిదప ఇంగ్లీషు చేయుదమని కార్యవర్గము అంగీకరించినది. ఇంగ్లీషు చేయువారికి ఎంత కష్టమగునో చూడవలెనని నాకును కుతూహలముగ నున్నది. ఈలోగా మీ మీ ఇండ్లలో పెద్దలు, ముఖ్యముగ అమ్మమ్మలు నాయనమ్మలు, మనస్సున నిలిచిపోయిన ప్రేమకు గాని, బాధకు గాని, కక్షకు గాని వాడు మాటలు ఏవైన నుండినచో ఒక చీటిమీద వ్రాసి, ఏ జిల్లా మాటయో ప్రక్కను గుర్తించి, కార్యదర్శిగారికి అందజేయ ప్రార్థన. కోంట, భోపాలపట్టణము వైపు తెలుగు కుటుంబములవారు ఇచ్చు మాటలు మాకు మరింత అవసరము. గోదావరి యావలి మాటలు నిఘంటువులలో కొన్ని యైనను దొరకును గాని ఈవలి మాటలు దొరకవు. చీటీలు ఫిబ్రవరి రెండవ వారమునకు చేరినచో పత్రములు వ్రాయుటకు వ్యవధి యుండును.